ఏ కోర్సు గొప్పది అని అడిగే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

పన్నెండో తరగతి కామర్స్ విద్యార్థుల తల్లిదండ్రులు ఈ నెలలో చాలామంది నన్ను కలిశారు. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, సీఏలో చేర్పించమంటారా?" సీఏనే, అంటే చార్టర్డ్ అకౌంటెంట్ చదువే ఎందుకని అడిగితే, "అందరూ అదే మంచిదంటున్నారు" అన్నారు. మంచి చదువే, సందేహం లేదు. అయితే మీ బిడ్డకు అది సరిపడుతుందో లేదో ఆ అందరికీ ఎలా తెలుస్తుంది?

గత వారం మా అకౌంట్స్ తరగతిలో పిల్లలతో ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమో కాదో చూసే పట్టిక, వేయించారు. ఒక అమ్మాయికి డెబిట్, క్రెడిట్ మొత్తాల మధ్య 90 రూపాయల తేడా వచ్చింది. గంట కొట్టారు. అందరూ పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయారు, ఆ అమ్మాయి మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదు. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగింపబడితే ఎక్కడో అంకెలు తారుమారై ఉండవచ్చని టీచరు ఎప్పుడో చెప్పారు. అది గుర్తు చేసుకుని, ఒక్కో పద్దు మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. చివరికి 540 రాయాల్సిన చోట 450 రాసినట్టు కనిపెట్టింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నాకు ఆ ముఖంలోని సంతోషం ఇంకా కళ్ల ముందే ఉంది. సీఏలు చేసే ఆడిట్‌కు, అంటే లెక్కల తనిఖీకి, కావలసింది ఈ ఓపికే. తేడా దొరికేదాకా లేవబుద్ధి కాని పిల్లకు సీఏ చదవమని నేను ధైర్యంగా చెబుతాను.

అదే తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. లెక్క కుదిరిందా లేదా అన్న పట్టింపు అతనికి తక్కువ. డైరెక్టర్ల సమావేశంలో తీర్మానం ఎలా చేస్తారు, వాటాదారులు ఒప్పుకోకపోతే ఏమవుతుంది అని మాత్రం టీచర్‌ను వదలకుండా అడుగుతాడు. కంపెనీ సెక్రటరీ కోర్సు, అంటే సీఎస్ గురించి చెబితే, "అది కంప్యూటర్ సైన్స్ కాదా?" అని అతని తండ్రి ఆశ్చర్యపోయారు. ఆ పేరు చాలా ఇళ్లలో వినిపించదు, అదే నా బాధ. 2013 కంపెనీల చట్టం ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీకీ పూర్తికాలం పనిచేసే కంపెనీ సెక్రటరీ ఉండి తీరాలి. చట్టం చదవడం ఇష్టమైన పిల్లలకు ఇది చక్కని దారి. బీకామ్, ఎల్ఎల్‌బీ కలిపి అయిదేళ్లలో పూర్తిచేసే కోర్సులూ ఉన్నాయి.

వస్తువు తయారీకి నిజంగా ఎంత ఖర్చవుతోంది, ఎక్కడ వృథా అవుతోంది అన్న ఆలోచన ఉన్నవారికి సీఎంఏ, అంటే కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ కోర్సు ఉంది. గణితం, సంభావ్యత బాగా వచ్చినవారు బీమా రంగంలో నష్టభయాన్ని లెక్కగట్టే యాక్చువరీ చదువు గురించి తప్పక తెలుసుకోవాలి.

సీఏ వైపే మొగ్గేవారు ముందుగా దాని నడక తెలుసుకోవాలి. మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష, అందులో నాలుగు పేపర్లు. ఒక్కోదానిలో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ఆబ్జెక్టివ్ పేపర్లలో ప్రతి తప్పు జవాబుకూ పావు మార్కు పోతుంది. గణితం వదిలేసిన పిల్లలూ రాయవచ్చు, కానీ మూడో పేపర్లో గణితం, గణాంకాలు ఎదురవుతాయి. ఆ తర్వాత సీఏలోనే ఇంటర్మీడియెట్ (మన ఇంటర్ కాదు), ఫైనల్ అనే మెట్లు. ఇంటర్మీడియెట్‌లోని రెండు గ్రూపుల పేపర్లూ పూర్తయ్యాక ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, మొదలవుతుంది. ఇంతకుముందు అది మూడేళ్లు, 2023లో వచ్చిన కొత్త విధానంలో రెండేళ్లకు తగ్గించారు. ఒకటి రెండు ప్రయత్నాలు తప్పడం ఈ పరీక్షల్లో మామూలే. ఆ రోజు ఇంట్లో "మేం ముందే చెప్పాం" అన్న మాట వినపడనివ్వకండి, దయచేసి.

పదకొండో తరగతి నుంచే తెల్లవారుజామున కోచింగ్, పగలు బడి, రాత్రి మళ్లీ కోచింగ్ అంటూ పిల్లల్ని తిప్పుతున్న ఇళ్లు ఉన్నాయి. తరగతిలో నిద్రకు తూగే ఆ పిల్లలను చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. అంత తొందర అక్కర్లేదు. కామర్స్ డిగ్రీలో 55 శాతం తెచ్చుకున్నవారు ఫౌండేషన్ రాయకుండానే నేరుగా ఇంటర్మీడియెట్‌లో చేరవచ్చు. ఇంకా తేల్చుకోలేని పిల్లలు నిశ్చింతగా బీకామ్ చదువుకోవచ్చు. అది కాలం వృథా చేసుకోవడం కాదు.

సెలవుల్లో వీలైతే మీకు తెలిసిన ఆడిట్ ఆఫీసులోనో, ఏదైనా సంస్థ అకౌంట్స్ విభాగంలోనో బిడ్డను ఒక రోజు కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చూశావని అడిగి, చెప్పేది చివరిదాకా వినండి.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు పన్నెండో తరగతి తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడతాం. పిల్లలను వెంట తీసుకురండి. వారి అకౌంట్స్ నోటు పుస్తకం కూడా తెప్పించండి, దాన్ని ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు