జపమాల అమ్మమ్మ దగ్గరే నేర్చుకున్నాను

సంపాదకులకు నమస్కారం.

జూలై నాలుగో ఆదివారం మా విచారణ (మా ప్రాంత కతోలిక సంఘం) గుడిలో పూజ అయ్యాక పెద్దవాళ్లందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి శాలువాలు కప్పారు, కేక్ కోశారు, ఫొటోలు తీశారు, అరగంటలో గుడి ఖాళీ అయిపోయింది. చూడటానికి సంతోషంగానే ఉంది, చేసినవాళ్లని తప్పుపట్టను. కానీ ఆ పెద్దవాళ్ల పక్కన సాయంత్రం పూట మన పిల్లలు కూర్చుంటున్నారా అని అడగాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తాత, అవ్వల కోసం, వృద్ధుల కోసం ఈ రోజుని పోప్ ఫ్రాన్సిస్ 2021లో పెట్టారు. జూలై 26న పునీత జ్వాకీము, పునీత అన్నమ్మల పండుగ, వాళ్లు మరియమ్మ తల్లిదండ్రులు, అంటే యేసుకి తాతయ్య, అమ్మమ్మ. అందుకే ఆ పండుగకి దగ్గర్లో ఉన్న ఆదివారం. ఫ్రాన్సిస్ గారికి కూడా చిన్నప్పుడు జపాలు నేర్పింది వాళ్ల నాయనమ్మ రోసానే. 1969లో ఆయన గురువు (ఫాదర్) అయినప్పుడు ఆమె ఇచ్చిన ఉత్తరాన్ని తన ప్రార్థన పుస్తకంలోనే దాచుకున్నారు. పౌలు గారు తిమోతికి రాసిన రెండో లేఖ మొదట్లో కూడా ఇలాంటి మాటే ఉంది, తిమోతి విశ్వాసం ముందు వాళ్ల అవ్వ లోయిలో ఉండేదని. అవ్వ పేరు పెట్టి మరీ రాశారు చూడండి!

మా అమ్మమ్మది గుంటూరు వైపు పల్లె. చదువు రాదు. జపాలన్నీ ఉపదేశి గారు చెబుతుంటే విని నోటికి పట్టింది. రాత్రి ఏడు కొట్టేసరికి చాప పరిచేది, కరెంటు ఉన్నా లేకపోయినా. మేం నలుగురం పిల్లలం ఆవలిస్తూ, ఒకరినొకరం గిల్లుకుంటూ కూర్చునేవాళ్లం. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని ఆమె మొదలుపెడితే మిగతా సగం మేం చెప్పాలి, అలా 53 సార్లు. తప్పు చెబితే తిట్టేది కాదు, మళ్లీ మొదటి నుంచి చెప్పేది, అంతే. 2002లో జాన్ పాల్ పోప్ గారు జపమాలలో తలుచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలకి, అంటే దేవరహస్యాలకి, గురువారం కోసం వెలుగు దేవరహస్యాలు కలిపాక కూడా గురువారం నాడు పాత సంతోష దేవరహస్యాలే చెప్పుకునేది, అవే నోటికి వచ్చని.

అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేసేది, అది గుడికి. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా ఆ డబ్బా మీద చెయ్యి వేయలేదు. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమ్మ తిరునాళ్లకి మోకాళ్ల నొప్పులతోనే కొండెక్కేది. పక్కింటి హిందూ పెద్దమ్మ కూడా మాతో వచ్చేది, మరియమ్మ అందరికీ తల్లే కదా అని ఇద్దరూ ఒకే మాట అనేవాళ్లు.

ఇక తాతయ్య సంగతి. ఆయన ప్రార్థనలో పెద్దగా నోరు విప్పేవాడు కాదు. ఒకసారి పొలం గట్టు దగ్గర పక్క రైతుతో తగాదా వచ్చి మాటలు లేకుండా పోయాయి. అప్పట్నుంచి తాతయ్య ప్రతి ఆదివారం పూజకి వచ్చేవాడు గానీ సత్ప్రసాదం (పూజలో గురువు ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకోవడానికి లేచేవాడు కాదు, అందరూ వరసలో వెళ్తుంటే తల వంచుకుని బెంచీలోనే ఉండిపోయేవాడు. అలా దాదాపు ఏడాది. మాకు ఎవరూ కారణం చెప్పలేదు. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సుకాలంలో ఒకరోజు గేదె ఈనితే ఆ జున్నుపాలు చెంబులో పోసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు ఇంటికి నడిచాడు. "తప్పు నాది కూడా ఉందిలే బావా" అన్నాడు. అంతకుమించి ఏం మాట్లాడలేదు. ఆ ఆదివారం గురువు దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం చేసుకుని సత్ప్రసాదం తీసుకున్నాడు. క్షమించడం గురించి నేను ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు, ఎవరితోనైనా గొడవపడ్డ రోజు మాత్రం నాకు గుర్తొచ్చేది ఆ జున్నుపాల చెంబే.

ఇవన్నీ మా పిల్లలు ఎక్కడ చూస్తారు? మేం హైదరాబాద్‌లో, అమ్మా నాన్నా ఊళ్లో. ఆదివారం జ్ఞానోపదేశం క్లాసుకి పంపుతున్నాం, టీచర్లు కష్టపడి చెబుతున్నారు, పిల్లలు పరీక్ష రాస్తున్నారు, ప్రైజులు కూడా తెచ్చుకుంటున్నారు. ఇంట్లో మాత్రం జపమాల గోడకి వేలాడుతూ ఉంటుంది. దీనికి నన్ను నేనే అడగాలి, ఆఫీసు టెన్షన్ అని ఎన్నాళ్లు చెప్పుకుంటాను?

విచారణ గురువులకి నాదొక మనవి. నెలకి ఒక్క ఆదివారమైనా జ్ఞానోపదేశం క్లాసులో ఒక అవ్వనో తాతనో కూర్చోబెట్టండి. పాఠం చెప్పమనక్కర్లేదు. కరువు రోజుల్లో ఏం చేశారో, బిడ్డ పోయినప్పుడు ఎలా ప్రార్థించారో, ఎవరిని క్షమించలేక బాధపడ్డారో వాళ్ల మాటల్లో చెప్పమనండి. నడవలేనివాళ్ల ఇంటికి సత్ప్రసాదం తీసుకెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి.

మా ఇంట్లో ఈ నెల నుంచి మొదలుపెట్టాం. రాత్రి ఎనిమిదికి వీడియో కాల్, మా అమ్మ అక్కడ మొదటి సగం చెబుతుంది, మా అబ్బాయి ఇక్కడ "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకుంటాడు. ప్రస్తుతానికి పది పూసలే. సిగ్నల్ సరిగా లేక వాడి గొంతు ఆలస్యంగా చేరుతుంది, అది వినపడే దాకా అమ్మ తర్వాతి పూస పట్టుకుని ఆగుతుంది.

– ఒక పాఠకుడు, హైదరాబాద్