మంత్రి గారూ, మా గాలిలో ఉన్నదాని పేరు చెప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రిటైరైన ఫిజికల్ సైన్స్ టీచర్ని. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పి, ఇప్పుడు బాచుపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక వాసన.

రాత్రి పదకొండు దాటాక వస్తుంది. రోజూ రాదు. వచ్చిన రోజు ముక్కు కంటే ముందు గొంతుకు తెలుస్తుంది. నెయిల్ పాలిష్ సీసా మూత తీసి దిండు పక్కన పెట్టినట్టు తియ్యగా, ఘాటుగా ఉంటుంది. కొన్ని రాత్రులు ఇంకో రకం, కుళ్లిన కోడిగుడ్డు వాసన. కోడలు లేచి కిటికీలన్నీ మూస్తుంది. మనవడు నిద్రలోనే దగ్గుతాడు. తెల్లారేసరికి ఏమీ ఉండదు. పాలబ్బాయితో అంటే "అవునమ్మా, మా గల్లీలో కూడా వచ్చింది" అంటాడు, అంతే.

ఒక రాత్రి ఉండబట్టలేక ఫిర్యాదుకు ఫోన్ చేశాను. ఎక్కడికి చేశానో ఇక్కడ రాయను, ఎత్తిన అమ్మాయి తప్పేమీ లేదు. మర్యాదగానే అడిగింది.

"ఏ రకం కాలుష్యం మేడం? గాలా, నీళ్లా, సౌండా?"

"గాలేనమ్మా."

"ఏ కంపెనీ నుంచి?"

"అర్ధరాత్రి మేడ మీద నిలబడి చూస్తే నాకేం కనిపిస్తుంది తల్లీ?"

"పోనీ ఏం వాసన మేడం?"

నెయిల్ పాలిష్ అన్నాను. కాసేపు ఆగి, "చెడు వాసన అని రాసుకుంటున్నా" అంది. మూడు రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ రోజు మా ప్రాంతంలో గాలి నాణ్యత 'సంతృప్తికరం' అట, ఫిర్యాదు ముగించేశారట.

చిక్కేమిటంటే మంత్రి గారూ, ఆ మెసేజ్‌లో అబద్ధం లేదు. గాలి నాణ్యతను చెప్పే ఏక్యూఐ అనే అంకె ఎలా తయారవుతుందో చూడండి. మన దేశంలో దాని లెక్కలోకి వచ్చేవి ఎనిమిది. పీఎం 10, పీఎం 2.5 అనే రెండు సైజుల ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. ఒక్కోదానికి విడిగా మార్కు వేసి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన మార్కునే ఆ రోజు ఏక్యూఐ అంటారు. అది క్లాసు సగటు అనుకునేరు, ఫస్టు వచ్చినవాడి మార్కు (ఈ క్లాసులో ఫస్టు రావడం మంచిది కాదనుకోండి). కూడలిలో గాలి బోర్డు మీద 110 అని పడితే అది ఒకరోజు రోడ్డు దుమ్ము వల్ల కావచ్చు, ఇంకోరోజు ఓజోన్ వల్ల కావచ్చు. దుమ్మయితే మంచి మాస్కు కొంత ఆపుతుంది. ఓజోన్ వాయువు, మాస్కు బట్టలోంచి దర్జాగా లోపలికొస్తుంది. దానికి మందు ఎండపూట పిల్లల్ని గ్రౌండులోకి పంపకపోవడమే. అంకె ఒక్కటే చూసి తల్లి ఏం చేయాలో ఎలా తేల్చుకుంటుంది?

ఇక మా వాసన సంగతి. ఆ ఎనిమిదింటిలో నెయిల్ పాలిష్ వాసన వేసే ద్రావకాల ఆవిర్లు లేవు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా లేదు. పైగా చాలావాటికి 24 గంటల సగటు తీస్తారు. రెండు గంటల ఘాటు ఆ సగటులో బిందెడు నీళ్లలో చిటికెడు ఉప్పు. థర్మామీటర్ పెట్టి చూసి బీపీ బాగుందని చెప్పినట్టుంది మా వ్యవహారం.

హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి ఇంకో మాట. అది మోతాదు మించితే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్లు ప్రాణాలతో పైకి రాకపోవడానికి ఇదీ ఒక కారణం. "వాసన తగ్గిందా మేడం?" అని అడిగి ఫైలు మూసేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

నేనేమీ పులుకడిగిన ముత్యాన్ని కాను. కాలుష్యం పాఠం నేనూ జాబితాలాగే చెప్పాను. గాలి, నీరు, నేల, శబ్దం. ప్రాథమిక కాలుష్య కారకాలు, ద్వితీయ కాలుష్య కారకాలు. తేడాలు రాయుము, నాలుగు మార్కులు. పిల్లలు బట్టీ పట్టారు, మార్కులు తెచ్చుకున్నారు. మార్కులు వేసిన నాకే ఫోన్లో "ఏం వాసన" అని అడిగితే నోరు పెగల్లేదు.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం తీసి చదివాను. కాలుష్య కారకం అంటే అందులో ఘన, ద్రవ, వాయు పదార్థం ఏదైనా సరే, పర్యావరణానికి హాని చేసేంత గాఢతలో ఉన్నది అని ఉంది. అంటే పదార్థం ఒక్కటే నేరస్థురాలు కాదు, ఎంత ఉందన్నది అసలు ప్రశ్న. నా లెక్కలో ఎక్కడ ఉందన్నది కూడా కలపాలి. ఆకాశంలో ఎంతో ఎత్తున ఓజోన్ మనకు గొడుగు. అదే ఓజోన్ నేల దగ్గర ఊపిరితిత్తుల్ని మండిస్తుంది. దీన్ని ఏ చిమ్నీ వదలదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, ద్రావకాల ఆవిర్లు ఎండలో కలిసి గాలిలోనే తయారుచేసుకుంటాయి. ద్వితీయ కాలుష్య కారకం అంటే ఇదే. చిమ్నీ చిమ్నీకీ మనిషిని పెట్టినా దాన్ని పట్టుకోలేరు, దాని ముడిసరుకును తగ్గించాలి. నాలుగు మార్కుల తేడాకు ఇంత పని ఉందని అప్పట్లో నాకూ తట్టలేదు.

మొన్న సెలవుల్లో మనవడితో చిన్న ప్రయోగం చేయించాను. రెండు తెల్ల టైలు ముక్కలకు వాజిలిన్ రాసి, ఒకటి రోడ్డు వైపు పిట్టగోడ మీద, రెండోది వెనక వైపు నీళ్ల ట్యాంకు నీడన పెట్టాం. మూడో రోజు తీశాం. రోడ్డు వైపుది ఖాకీ రంగుకు తిరిగింది. భూతద్దంలో ఇసుక రేణువులు మెరిశాయి, మధ్య మధ్య నల్ల చుక్కలు. వేలితో రాస్తే ఇసుక గరగరమంది, నల్ల చుక్కలు మాత్రం కాటుకలా సాగాయి. ఇసుక ఎదురుగా లేస్తున్న అపార్ట్‌మెంట్ పనిది, నలుపు పొగ మసి, టైర్ల అరుగుదల అయ్యుండాలి. వెనక టైలు దాదాపు తెల్లగానే ఉంది. వాడికి భలే నచ్చింది.

ఆ మూడు రాత్రుల్లో ఒక రాత్రి వాసన వచ్చింది. తెల్లగా ఉన్న ఆ టైలు దగ్గర నిలబడి పీల్చి చూశాను. రోడ్డు వైపు ఎంత ఘాటుందో అక్కడా అంతే. దుమ్ము రేణువుల దారి వేరు, ఆవిరి దారి వేరు. పైగా భూతద్దానికి దొరికింది ముతక దుమ్ము మాత్రమే. పీఎం 2.5 రేణువు మన వెంట్రుక మందంలో పాతిక, ముప్పై వంతుల్లో ఒకటి ఉంటుంది. ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నాటి మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత 5. ఒకే గాలికి మన గీతలో పాసు, వాళ్ల గీతలో ఫెయిలు.

కంపెనీలు రాత్రి చూసి వదులుతున్నాయని మా వీధిలో అందరూ అంటారు. కావచ్చు. కానీ సైన్స్ టీచరుగా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. చలికాలం రాత్రి నేల చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి మూతలా నిలబడతాయి. మధ్యాహ్నమైతే పైకి లేచి చెదిరిపోయేది రాత్రి మన ఇళ్ల మధ్యే తచ్చాడుతుంది. వదిలింది రాత్రా, నిలిచింది రాత్రా అన్నది తేలాలంటే ఆ సమయంలో ఎవరో ఒకరు వచ్చి గాలి నమూనా పట్టాలి. పగలు పదింటికి వచ్చి పట్టుకుపోతే ఏం తేలుతుంది?

నీళ్ల దగ్గర ఇంకా విడ్డూరం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఊళ్లోకి వచ్చేసరికి మనం దాన్ని 'కంపు' అనే ఒక్క మాటతో తేల్చేస్తాం. ఆ కంపులో కనీసం రెండు జాతులున్నాయి. ఇళ్ల మురుగు ఒకటి. అది కుళ్లేది, బ్యాక్టీరియాకు ఆహారం. ఆక్సిజన్, కొంత వ్యవధి ఇస్తే అవే తినేస్తాయి. అంబర్‌పేటలోని మురుగునీటి శుద్ధి కేంద్రం లాంటివాటిలో జరిగేది ఇదే, బ్యాక్టీరియాకు భోజనాలు పెట్టడం. రెండో జాతి తినడానికి వీల్లేనివి. కరిగిన ఉప్పులు, సీసం లాంటి లోహాలు, కొన్ని ద్రావకాలు, మందుల అవశేషాలు. ఇవి ఇటు నుంచి వచ్చి అటు వెళ్లిపోతాయి, లేదా ఆ బ్యాక్టీరియానే చంపుతాయి.

పటాన్‌చెరు కథ మీకు నేను చెప్పాలా? ఫ్యాక్టరీల నీళ్లతో నక్కవాగు పాడైందని రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. దాని నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు చేరే ఆ కేంద్రం దగ్గర సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. డాక్టరు చీటీ మీద అది మందు, వాగులో కాలుష్యం. అక్కడ దానికి అలవాటుపడి బతికిన క్రిములు రేపు ఎవరి ఒంట్లోనో చేరితే ఆ మాత్ర పనిచేయదు. అప్పుడు 'నీరు నల్లగా ఉంది, దుర్వాసన వస్తోంది' అని మాత్రమే రాసుకుని ఉంటే ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు. పదార్థం పేరు పెట్టి వెతికారు కాబట్టి దొరికింది.

హుస్సేన్‌సాగర్ గట్టు మీద బోర్డులన్నీ 'చెత్త వేయరాదు' అంటాయి. మంచిదే. కానీ ఆ చెరువుకు పెద్ద బెడద కవర్లూ సీసాలూ అని నేననుకోను. బట్టల సబ్బుల్లోని ఫాస్ఫేట్లు, మురుగులోని నత్రజని నాలాల వెంట వచ్చి చేరతాయి. పొలంలో వేస్తే అవి ఎరువు. చెరువులో గుర్రపుడెక్కకూ నాచుకూ విందు. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ అంతా లాగేసుకుంటుంది, చేపలు తెల్లగా తేలతాయి. మర్నాడు ఎవరో విషం కలిపారని పుకారు.

శబ్దం గురించి ఎక్కువ చెప్పను, మీ ఇంటి ముందు నుంచీ బరాత్‌లు పోతూనే ఉంటాయి. 1987లోనే శబ్దాన్ని కూడా వాయు కాలుష్య చట్టంలోకి తెచ్చారు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటితే 45 అని 2000 నాటి నియమాలు. డీజే పెట్టేవాడికి ఇవి తెలుసో లేదో గానీ, తెలిసినా వినపడదు.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదండీ. కూడళ్లలో గాలి బోర్డుల మీద అంకె పక్కనే ఆ అంకెకు కారణం ఏదో తెలుగులో, ఉర్దూలో రాయించండి. 'ఈ రోజు దుమ్ము', 'ఈ రోజు ఓజోన్'. లెక్క కట్టేటప్పుడే తెలిసిపోయే సంగతే ఇది. పరిశ్రమల వాడలకు ఆనుకుని ఉన్న కాలనీల్లో ద్రావకాల ఆవిర్లు, హైడ్రోజన్ సల్ఫైడ్ కొలిచే యంత్రాలు పెట్టించి, సగటుతో పాటు ఏ గంటకు ఆ గంట లెక్క చూపించండి. ఎక్కువ కాలుష్యం వదిలే రకం పరిశ్రమల చిమ్నీలకు ఆన్‌లైన్ మీటర్లు ఎలాగూ ఉన్నాయి. ఆ వివరాలు మా ఫోన్లలో, మాకు అర్థమయ్యే మాటల్లో కనిపించాలి. ఫిర్యాదు తీసుకునే చోట 'చెడు వాసన' అనే ఒక్క గడి తీసేసి నెయిల్ పాలిష్, కుళ్లిన గుడ్డు, బ్లీచింగ్ పౌడర్, కాలిన ప్లాస్టిక్ అని గడులు పెట్టించండి. ఒక్కో వాసన ఒక్కో రకం రసాయనం వైపు వేలు చూపిస్తుంది. ఇల్లాళ్లకు ఈ నాలుగూ బాగా తెలుసు. రాత్రి ఫోన్ వస్తే రాత్రే నమూనా పట్టడానికి ఒక బండి, ఇద్దరు మనుషులు చాలు.

ముఖ్యంగా నమూనాలో ఏం దొరికిందో ఫిర్యాదు చేసినవాళ్లకు పేరుతో సహా చెప్పాలి. ఏమీ దొరక్కపోతే దేని కోసం వెతికారో అయినా చెప్పాలి. 'పరిష్కరించడమైనది' అనే మెసేజ్ వద్దు.

కిందటి నెల నుంచి ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. తేదీ, టైము, వాసన రకం, గాలి ఎటు నుంచి ఎటు వీస్తోంది (అగరుబత్తి వెలిగించి చూస్తాను), మనవడు దగ్గాడా లేదా. ఇప్పుడు ఎదురు వరుస ఇళ్ల నుంచి ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఆటో డ్రైవరు కూడా తమవి రాసి ఇస్తున్నారు. ఆ పేజీల జిరాక్స్ కాపీలు మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మీ శాఖ నుంచి రాత్రిపూట ఎవరైనా వస్తే మా మేడ తాళం నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
బాచుపల్లి, హైదరాబాద్