వరద పుస్తకం దక్కింది, అందరికీ దండాలు

గోదావరి మధ్యనున్న మన లంక మీంచి వరద ఎర్రనీళ్లు తీసి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. రాత్రి పదకొండింటికి మన గ్రంథాలయం వరద పుస్తకానికి ఆఖరి కుట్టు పడింది. కళ్లు మండుతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావట్లేదు.

ఆ పుస్తకం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. 1953 వరదతో మొదలయ్యే చేతిరాత పుస్తకం అది. ప్రతి వరదకీ ఒక పేజీ. ఎడమవైపు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం అడుగుల్లో, తేదీ, వేళ. కుడివైపు అదే వేళకి మన ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో: రేవు మెట్లలో ఎన్నోది, రావిచెట్టు అరుగు, బడి గుమ్మం, రామాలయం గడప. ఎగువన భద్రాచలంలో 75.6 అడుగులకి చేరిన 1986 ఆగస్టుకి ఒక్కదానికే నాలుగు పేజీలు. 2022 జులైకి రెండు. మధ్యలో ఏ ఏడు ఎవరి చేను కోతకి గురై ఏట్లో కలిసింది, రేవు పాట ఎంతకి పోయింది, పాయ ఎటు జరిగింది, అన్నీ ఉన్నాయి.

దాని విలువ లంకలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. టీవీలో వచ్చేది అంతవరకే. 15 అడుగులంటే మన వీధిలో మోకాలా, నడుమా అన్నది ఎవరూ చెప్పరు. భద్రాచలం నీళ్లు ధవళేశ్వరం రావడానికి ఉండేది ఒక రోజు అటూ ఇటూ. ఆ రోజులో గొడ్లని ఏటిగట్టు మీదకి తోలాలా, ధాన్యం అటక మీద పెడితే చాలా అన్నది తేల్చేది ఆ పుస్తకమే. ఈసారీ అదే చూసి ముందుగా గొడ్లని తోలాం, ఒక్కటీ పోలేదు. తీరా పుస్తకాన్నే బీరువా కింది అరలో మరిచాం.

నీళ్లు తీశాక బీరువా తలుపు రాలేదు. పుస్తకాలు ఉబ్బి అరకి బిగుసుకుపోయాయి. గట్టిగా లాగితే నాలుగింటి అట్టలు ఊడి చేతికొచ్చాయి. మిగతావాటిని బయటికి తీసి డాబా మీద ఎండేశాం, ఆ ఫొటో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. గంటలో ఫోన్. "ముందు ఎండలోంచి తీసెయ్యండి బాబూ. తెరవకండి. నేనొస్తున్నా."

ఆయన రాజమండ్రిలో నలభై ఏళ్లు బైండింగ్ పని చేసిన పెద్దాయన. మన ఊరితో చుట్టరికం లేదు, ఇక్కడ ఎవరూ తెలీదు. బస్సు దిగి, కాజ్‌వే ఇంకా మునిగే ఉందని పడవెక్కి, సాయంత్రం అయిదింటికి చంకలో బటర్ పేపర్ చుట్టతో దిగారు. మంచినీళ్లు కూడా తాగకుండా చేతులకి గ్లౌజులు తొడుక్కున్నారు.

ఆయన చేయించిన పని వివరంగా రాస్తున్నాను, పక్క లంకలవాళ్లకి పనికొస్తుంది. ఈ వేడికీ చెమ్మకీ తడి కాయితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఆలోపు ఎన్ని ఆరబెట్టగలరో అన్నే ఉంచుకుని మిగతావి గడ్డకట్టించాలి. మంచులో బూజు పెరగదు, సిరా పాకదు, మనకి గడువు దొరుకుతుంది. ముందు బురద. ఒండ్రు తడిగా ఉండగానే, పుస్తకాన్ని మూసి రెండు చేతులా గట్టిగా పట్టుకుని, వరసగా మూడు టబ్బుల మంచినీళ్లలో ముంచి తీయాలి. స్పాంజితో అద్దాలే గాని రుద్దకూడదు, రుద్దితే ఇసుక కాయితంలోకి దిగిపోతుంది. అప్పటికే ఎండిన బురదని కడగొద్దు, పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో దులపాలి. కడిగాక ఒక్కో పుస్తకానికీ బటర్ పేపర్ చుట్టి, వీపు, అంటే కుట్టు వైపు, కిందికి వచ్చేలా చేపల ట్రేలో ఒకే వరస పేర్చాలి. ట్రే బిగించి నింపొద్దు. ఆ రాత్రి ట్రేలన్నీ రొయ్యల కోల్డ్ స్టోరేజీకి వెళ్లాయి. ఆ యజమాని అద్దె మాటే ఎత్తలేదు, ఆయనకీ మా నమస్కారం.

తర్వాత రోజుకి పది పుస్తకాల చొప్పున తెచ్చి ఆరబెట్టాం. ఇరవై పేజీలకి ఒకటి చొప్పున అచ్చు లేని న్యూస్‌ప్రింట్ కాయితం పెట్టాలి. అచ్చేసిన పేపర్ పెడితే దాని సిరా దీనికి అంటుకుంటుంది. కాయితాలు మరీ ఎక్కువ పెడితే వీపు విరుగుతుంది. తడిసిన కాయితం తీసి కొత్తది పెడుతూనే ఉండాలి, మొదటి రోజు రెండు గంటలకోసారి. ఫ్యాను గాలి గోడకి కొట్టి తిరిగి రావాలి, పుస్తకం మీద సూటిగా పడకూడదు. నున్నటి కాయితం వారపత్రికలు మాత్రం తడిమీదే పేజీ పేజీ విడదీయాలి. ఒకసారి అంటుకుని ఎండాయంటే ఇటుకే, ఇంక విడవవు. మనవి పదకొండు అలా పోయాయి. పెళ్లి ఫొటోలైతే ఎండనివ్వకుండా చల్లటి మంచినీళ్లలో ఉంచి విడదీసి, బొమ్మ పైకి పెట్టి ఆరబెట్టాలి, అదీ రెండు రోజుల్లోపే. గదిలో బ్లీచింగ్ పౌడర్ చల్లితే ఆయన ఊడ్పించేశారు. దాని ఘాటు సిరాని తెల్లబరుస్తుందట.

ఇక వరద పుస్తకం. టబ్బులో ముంచబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. అంచున చిన్న ఊదారంగు మరక కనిపించింది ఆయనకి. పాతకాలం కాపీయింగ్ పెన్సిల్ రాత, నీళ్లు తగిలితే కరిగి పేజీ అంతా పాకుతుంది. 1986 పేజీలు దాంతో రాసినవే. కడగలేదు. బురదతోనే చుట్టి, అన్నిటికన్నా ముందు మంచుకి పంపారు. రెండు వారాల తర్వాత తెచ్చి, సన్నగా చెక్కిన వెదురు పుల్ల పేజీల మధ్యకి పోనిచ్చి, ఒక్కో పేజీ లేపి, రెండువైపులా అద్దుడు కాయితం పెట్టి, అరచేత్తో నొక్కి, మార్చి, మళ్లీ నొక్కి. నూట నలభై పేజీలకి మూడు రాత్రులు. "రామాలయం గడప, రాత్రి 2 గం." అన్న వరస కాస్త చెదిరినా చదవొచ్చు. అది కనపడగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మా అందరి పరిస్థితీ అదే.

బైండింగ్ కోసం విప్పినప్పుడు చూశారు, చివర ఖాళీ పేజీ ఒక్కటీ లేదని. మమ్మల్ని అడక్కుండానే అదే కొలతకి పదహారు కొత్త కాయితాలు కోసి, పాతవాటితో కలిపి కుట్టేశారు. "ఈసారిది రాసుకోవద్దా మరి?" అన్నారు. డబ్బు తీసుకోలేదు, బస్సు చార్జీ కూడా. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. అయ్యా, మీరు మా ఊరివారే. వచ్చే శ్రీరామనవమికి రాకపోతే మేమే వచ్చి తీసుకెళ్తాం.

కమిటీ సభ్యులు, ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు సరేసరి, వాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట కడుపులో దాచుకోలేకపోతున్నాను. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ల ఫారంలో పంటకి గడి ఉంది, ఇంటికి ఉంది, గొడ్లకి, పడవలకి, వలలకి ఉంది. ఊరి పుస్తకాలకి లేదు. "ఇతరములు" అని రాయమంటే దానికి కాలమ్ లేదన్నారు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఏటా కడుతూనే ఉన్నాం. అందులోంచి ఇనప బీరువా ఒకటి, గోడకి ఎత్తులో బిగించిన అర ఒకటి ఇమ్మని అర్జీలు పెట్టి ఏళ్లయింది. ఆ అరే ఉంటే ఈ ఇరవై మూడు రోజులు ఎవరికీ ఈ అవస్థ ఉండేది కాదు. వరద ఏటా వస్తుంది, గడి మాత్రం ఎవరూ గీయరు.

అయ్యో, మరిచాను. కరెంటు లేని ఆ రెండు రోజులూ జనరేటర్ ఇచ్చిన షామియానా కుర్రాళ్లు. ట్రేలు దాటించిన పడవ సరంగు, ఒక్క ట్రేకి కూడా నీటిచుక్క తగలనివ్వలేదు. ట్రేలే ఇచ్చిన చేపల కాటా వాళ్లు. అద్దడానికి ఉతికిన పాత నూలు చీరలు తెచ్చిన డ్వాక్రా అక్కలు. ప్రతి పేజీ ఆరగానే ఫోన్‌తో ఫొటో తీసిన పదో తరగతి అమ్మాయిలిద్దరు, వాళ్ల వల్ల ఇప్పుడు పుస్తకానికి నకలు ఉంది. రాత్రిళ్లు టీ పోసిన రేవు హోటలాయన. ఇంకా ఎవరినైనా వదిలేస్తే కింద రాయండి, చేరుస్తాను. 1986లో మీ ఇంటి గోడ మీద నీటి గీత ఇంకా కనిపిస్తుంటే, సున్నం వేసేముందు ఒక్కసారి కబురు చేయండి, టేపు తీసుకుని వస్తాం.