ఎడమ కాలి తప్పు కాదమ్మా

కాకినాడ,
ఆదివారం.

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. ఈ సంగతి ఫోనులో చెబితే నవ్వేసి మాట మార్చేస్తావు, అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. మన మారుతి కదిలింది.

2020 లాక్‌డౌన్‌లో రేకుల షెడ్డులో పెట్టి పట్టా కప్పానా, అయిదు వానాకాలాలు అలాగే గడిచిపోయాయి. మన ఊరి ఉప్పుగాలి సంగతి నీకు తెలిసిందే, కిటికీ గడియలు కూడా పొడిపొడిగా రాలతాయి. దానికి తోడు పట్టా నేల దాకా లాగి కట్టాను. భద్రమనుకున్నాను. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసేశానని కారు మేస్త్రి చెప్పాక గానీ తెలియలేదు.

కొత్త బ్యాటరీ వేసి, పుల్లటి వాసన కొడుతున్న పాత పెట్రోలు తోడించి, కార్బురేటర్ కడిగిస్తే మూడో సెల్ఫ్‌కే అందుకుంది. ఆ సంతోషం అర నిమిషం. క్లచ్ తొక్కి ఫస్ట్ గేరు వెయ్యబోతే కర్రుమని పళ్ళు నూరింది. రివర్సూ అంతే. ఇంజిన్ ఆపి చూస్తే మాత్రం నాలుగు గేర్లూ వెన్నలా పడుతున్నాయి. గేరు బాక్సు పోయింది, ఇక పాత ఇనుప కొట్టుకే అనుకున్నాను. మీ మావయ్య తూకానికి ఎంతొస్తుందో లెక్క కూడా కట్టాడు. 84 మోడల్ బండి అది! మొదటి మారుతి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చింది 1983 డిసెంబరులో. మనది ఆ మరుసటి ఏడాదిది. దాన్ని కిలోల లెక్కన మాట్లాడతాడా?

మేస్త్రి ముందు బానెట్ ఎత్తి, నన్ను పెడల్ తొక్కమన్నాడు. అవతల గేరు బాక్సు దగ్గర కేబుల్ లాగే లీవరు బాగానే కదులుతోంది. అంటే కేబుల్ తెగలేదు. "లోపల ప్లేటు పట్టేసింది మాస్టారూ" అన్నాడు. క్లచ్ ప్లేటు, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రానికీ, దాన్ని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటుకీ మధ్య నొక్కుకుని ఉంటుంది కదా. పెడల్ తొక్కగానే ఆ పట్టు సడలి ప్లేటు వదులవ్వాలి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే, చెమ్మకి ఆ ఇనుప ముఖాలు తుప్పు పట్టి ప్లేటు మీది గరుకు పొర వాటికి అతుక్కుపోతుంది. పెనానికి మొదటి అట్టు అంటుకున్నట్టు. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా ఇంజిన్ తిరిగితే గేరు బాక్సు కూడా దాంతోపాటే తిరుగుతుంది, ఇక గేరెలా పడుతుంది?

సలహాలకి మన వీధిలో కొదవేముంది. ఏదో సందులోంచి కిరసనాయిలు కొట్టమన్నాడు ఒకాయన. నూనె తగిలితే ప్లేటు ఊడొచ్చినా ఆ తర్వాత జారుతూనే ఉంటుంది, ఎందుకూ పనికిరాదు. ముందు చక్రాలు జాకీ మీద లేపి గేరులో తిప్పి బ్రేకు కొట్టమన్నాడు ఇంకొకాయన. జాకీ జారితే తిరుగుతున్న చక్రాలతో బండి గోడలోకి పోతుందని మేస్త్రి ఒప్పుకోలేదు.

ముందు తేలిక దారి చూశాం. ఇంజిన్ వేడి చేసి ఆపి, పెడల్ అడుగు దాకా తొక్కి, లేవకుండా సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర బిగించాలి. ఒక్కోసారి రెండు రోజుల్లో దానంతటదే విడిపోతుందట. కర్ర కోసం ఇల్లంతా వెతికితే సరిగ్గా సరిపోయింది అమ్మ అప్పడాల కర్ర. సీటు కాస్త ముందుకి జరిపేసరికి కొలత తీసినట్టు కూర్చుంది. రెండు రాత్రులు ఉంచాం. విడిపోలేదు. ఆ రెండు రోజులూ చపాతీలు లేవు, ఎందుకు లేవో అమ్మకి తెలియదు. తెలిశాక ఏమైందో వేరే రాయక్కర్లేదు.

మూడో రోజు తెల్లవారుజామున, ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్‌లోకి నలుగురు కుర్రాళ్ళ చేత తోయించాం. మేస్త్రి అంతకుముందే బ్రేకులు బాగుచేశాడు, ఎందుకంటే ఈ పద్ధతిలో బండిని ఆపడానికి బ్రేకూ తాళమూ తప్ప ఇంకేమీ ఉండవు. ఇరవై నిమిషాలు ఇంజిన్ కాగనిచ్చి ఆపాడు. ఫస్ట్ గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి తాళం తిప్పాడు. బండి కప్పలా రెండు గెంతులు గెంతి అలాగే స్టార్టై పరిగెత్తింది. క్లచ్ మీంచి కాలు తియ్యకుండా, యాక్సిలరేటర్ ఒకసారి నొక్కడం, ఒకసారి టక్కున వదలడం. నేను పక్క సీట్లో డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాను. రెండు రౌండ్లు ఏమీ లేదు. మూడో రౌండులో అడుగునుంచి టప్ మని చప్పుడు. ఇంజిన్ గొంతు పెంచి అరుస్తోంది, బండి మాత్రం మెల్లగా ఆగిపోతోంది. విడిపోయింది! మేస్త్రి ఏమీ అనకుండా గేర్లు ఒక్కొక్కటీ వేసి తీశాడు.

అసలు నీకు చెప్పాల్సింది ఆ తర్వాత జరిగింది.

ఇంటికొచ్చాక ఆయన కిందికి వంగి పెడల్‌ని చేత్తో నొక్కి చూశాడు. మొదట్లో కొంచెం మేర ఉత్తినే పోవాలట, అక్కణ్ణుంచే బరువు తెలియాలట. మనదానికి ఆ వదులే లేదు. "ఈ కేబుల్ ఇంత బిగించిందెవరు మాస్టారూ?" అన్నాడు. ఇంకెవరు, నేనే. గేరు కాస్త గట్టిగా పడితే చాలు, స్పానరు తీసి ఆ నట్టు ఒక చుట్టు బిగించడం నాకలవాటు. అలా బిగిస్తే కాలు పెట్టకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంటుంది, ప్లేటు జారి జారి కాలిపోతుంది.

2011 వేసవిలో నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటున్నప్పుడు సర్పవరం దాటాక బండిలోంచి మాడు వాసన వచ్చింది గుర్తుందా. కాలిన ప్లేటు చేతికిచ్చి, అన్నయ్య ముందే, "ఎడమ కాలు పెడల్ మీంచి తియ్యమంటే విన్నావా, ఇదిగో నీ నిర్వాకం" అని నిన్ను కడిగేశాను. ఆ తర్వాత నువ్వు దాని తాళం ముట్టుకోలేదు. హైదరాబాద్‌లో కారు కొన్నప్పుడు కూడా, క్లచ్ లేనిదే కావాలని ఆటోమేటిక్ తీసుకున్నావు. నువ్వు నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి వారమే. వారంలో ప్లేటు అంత నల్లబడదని మేస్త్రి అన్నాడు. అది నా నట్టు చేసిన పని. పద్నాలుగేళ్ళు ఆ మాట నీ మీద ఉంచాను. తప్పు నాది బుజ్జీ.

ఇప్పుడు వదులు సరిగ్గా పెట్టించాను. మూడో గేరులో హ్యాండ్ బ్రేకు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ వెంటనే ఆగిపోయింది, అంటే ప్లేటు జారడం లేదు. బయల్దేరేటప్పుడు కొంచెం వణుకుతోంది, తిప్పేకొద్దీ తగ్గుతుందట. అందుకే రోజూ సాయంత్రం బీచ్ రోడ్డు దాకా వెళ్ళొస్తున్నాను. అదీ అలాగే పట్టేయకుండా షెడ్డులో హ్యాండ్ బ్రేకు వెయ్యడం మానేశాను, చక్రానికి ఇటుక పెడుతున్నాను. పట్టా తీసి పారేశాను.

సంక్రాంతికి రెండు రోజులు ముందే రా. పొద్దున్నే ఆ లేఅవుట్‌కి వెళ్దాం. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను. నోరు మెదపను, మెదిపితే అక్కడే దింపేసి వచ్చెయ్.

వచ్చేటప్పుడు ఒక అప్పడాల కర్ర కొనుక్కురా. పాతది ఎన్నిసార్లు కడిగినా అమ్మ ముట్టుకోవట్లేదు.

నాన్న