సైన్సు చిత్రాలు తీసేవారికి తెలుగులో బతుకుతెరువేది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా ఊరి కుర్రాడొకడు కెమెరా పని నేర్చుకుని వచ్చి, రెండు శీతాకాలాలు కోరంగి మడ అడవిలో తిరిగి పన్నెండు నిమిషాల చిత్రం తీశాడు. ఆటు వేళ నీరు దిగిపోయాక, బురదలో పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలబడిన మడచెట్ల వేళ్ళను అందులో నేలబారున చూస్తాం. గాలి ఆడని ఆ బురదలో చెట్టు ఊపిరి పీల్చేది ఆ వేళ్ళతోనేనని చెప్పడానికి అతను వ్యాఖ్యానం పెట్టలేదు. పోటు నీరు ఒక్కొక్క వేరునూ ముంచుకుంటూ వచ్చేదాకా కెమెరా కదపకుండా కూర్చున్నాడు. ఆ చిత్రాన్ని పట్టుకెళితే ఒక ఛానెల్ వారు, రెండు నిమిషాలకు కుదించి, భయపెట్టే సంగీతం జోడిస్తే వేస్తామన్నారట. ఇప్పుడతను పెళ్ళిళ్ళకు డ్రోన్ ఎగరేస్తున్నాడు.

తెలుగు టీవీలో విజ్ఞానం కరువైందని పాఠకులు ఉత్తరాలు రాస్తూనే ఉంటారు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నేనూ అలాంటివి రాశాను. అయితే కార్యక్రమం కావాలని అడిగినంతగా, దాన్ని తీసే మనిషి పదిహేను, ఇరవై ఏళ్ళు ఆ పనిలోనే ఎలా నిలవగలడని మనం ఎన్నడూ అడగలేదు.

అలా నిలిచిన బ్రిటిష్ దర్శకుడు మిక్ జాక్సన్ పేరు ఇక్కడ చాలామందికి తెలియకపోవచ్చు. 1992 నాటి 'ది బాడీగార్డ్' సినిమా దర్శకుడంటే కొందరికి గుర్తు రావచ్చు. ఆయన పనితనమంతా బీబీసీ సైన్సు చిత్రాల్లో పదునెక్కింది. 1973లో శాస్త్రవేత్త జేకబ్ బ్రొనోవ్‌స్కీ వ్యాఖ్యాతగా వచ్చిన 'ది అసెంట్ ఆఫ్ మ్యాన్' ధారావాహిక దర్శకుల్లో ఆయన ఒకరు. 1978లో జేమ్స్ బర్క్ వ్యాఖ్యాతగా పది భాగాల 'కనెక్షన్స్' తీశారు. అందులో ఒకచోట బర్క్ థర్మాస్ ఫ్లాస్కు కథను ద్రవ హైడ్రోజన్, ఆక్సిజన్ల దాకా తెచ్చి, వాటిని కలిపి అంటిస్తే ఏమవుతుందో చూడమంటూ వేలు చూపగానే, వెనక దూరాన రాకెట్టు నిప్పులు కక్కుతూ పైకి లేస్తుంది. మళ్ళీ తీద్దామంటే కుదరని షాట్ అది. 1982లో ఒక్క అణుబాంబు లండన్ మీద పడితే జరిగేదేమిటో శాస్త్ర వివరాలతో చూపించిన అదే దర్శకుడు, రెండేళ్ళకు షెఫీల్డ్ నగరం నేపథ్యంగా అణుయుద్ధం మీదే 'థ్రెడ్స్' అనే కల్పిత కథాచిత్రం తీశాడు. మొదటి దానికోసం చేసిన చదువు రెండోదానికి పెట్టుబడి అయింది. చేసిన పరిశోధన వృథా పోకుండా తరువాతి చిత్రానికి చేరాలంటే, మనిషి అదే సంస్థలో కుదురుగా ఉండాలి.

మన దేశంలో ఇలాంటిది జరగలేదని కాదు. 1975–76లో ఉపగ్రహం ద్వారా 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1989లో చందితా ముఖర్జీ దర్శకత్వంలో మన దేశపు విజ్ఞాన చరిత్ర మీద పదమూడు భాగాల 'భారత్ కీ ఛాప్' దూరదర్శన్‌లో వచ్చింది. అందుకు డబ్బు పెట్టింది కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విభాగమే. సైన్సును జనంలోకి తీసుకెళ్ళడానికి అదే ఏడాది ఏర్పడిన ప్రభుత్వ సంస్థ విజ్ఞాన్ ప్రసార్‌ను 2023లో మూసేశారు.

మన డెల్టాలో విషయాలకు కొదవలేదు. బోదకాలు సంగతే చూడండి. ఆరోగ్య సిబ్బంది రాత్రి పొద్దుపోయాక తలుపు కొట్టి, నిద్రమత్తులో ఉన్నవారి వేలినుంచి రక్తపు చుక్క తీసుకెళ్ళడం మా తరానికి తెలిసిన దృశ్యం. పగలు రాకుండా రాత్రే ఎందుకు వస్తారని పిల్లలు అడిగేవారు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రివేళే చర్మం దగ్గరి రక్తనాళాల్లోకి చేరతాయి, దాన్ని మోసే దోమ కుట్టేదీ అప్పుడే. ఇక దానికి ఇచ్చే డీఈసీ మాత్ర పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో, యల్లాప్రగడ సుబ్బారావు గారి సారథ్యంలో; ఆయన పుట్టింది 1895లో భీమవరంలో. మురుగుకాలువ దగ్గర మొదలుపెట్టి అమెరికా వెళ్ళి, మళ్ళీ మన గుమ్మంలోకే వచ్చే ఈ కథకు సెట్టింగులూ అక్కర్లేదు, తారలూ అక్కర్లేదు. రాత్రిపూట ఆ సిబ్బంది వెంట నాలుగు వారాలు తిరిగే ఓపిక, అన్నాళ్ళూ జీతమిచ్చే సంస్థ ఉంటే చాలు.

కాబట్టి మీ పత్రిక ద్వారా విజయవాడ దూరదర్శన్‌కు నా మనవి ఇది. ఏడాదికి పదమూడు భాగాలతో ఒక్క సైన్సు ధారావాహికనైనా తెలుగులో తలపెట్టండి. షూటింగు రోజులకే కాకుండా, అంతకుముందు విషయం చదివి, శాస్త్రవేత్తలను కలిసి, స్క్రిప్టు రాసుకునే నెలలకు కూడా వేతనం కట్టండి. ప్రతి దర్శకుడి దగ్గరా ఇద్దరు కుర్రవాళ్ళను పెట్టి, వారికి మరుసటి ఏడాదీ పని ఉంటుందని ముందే చెప్పండి. తీసిన భాగాలను ఉన్నత పాఠశాలలకు ఉచితంగా ఇవ్వండి. ఈ చివరి కోరికలో మాస్టారి స్వార్థం కొంత ఉందని ఒప్పుకుంటాను.

మడ అడవి చిత్రం ఇప్పటికీ ఆ కుర్రాడి హార్డ్ డిస్కులో ఉంది. దూరదర్శన్ వారు చూస్తామంటే, పెళ్ళిళ్ళ సీజను మొదలు కాకముందే అతన్ని విజయవాడ బస్సెక్కించే పూచీ నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోనసీమ