నాన్న పాదాలు కొలిచి పంపు

ఒరేయ్ చిన్నా,

అందరూ కులాసా అనుకుంటాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నాన్నకి నా చేత్తో బూట్లు కుట్టాలనుకుంటున్న సంగతి అమ్మ ఈపాటికి నీ చెవిన వేసే ఉంటుంది. మా వర్క్‌షాపు పెద్దాయన సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. కాళ్లు మన ఎదురుగా లేవు కాబట్టి అక్కడ కొలిచేవాళ్లు శ్రద్ధగా కొలవాలి, లేకపోతే తోలు దండగ అన్నాడు. ఆ కొలిచేవాడివి నువ్వే.

"నాన్నది ఎనిమిదో నంబరు, దానికింత రాద్ధాంతం ఎందుకే" అంటావని నాకు తెలుసు. అందుకని ముందు ఆ ఎనిమిది సంగతి తేల్చేద్దాం.

ఇంగ్లిష్ లెక్కలో ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. మూడు బార్లీ గింజలు వరసగా పెడితే అంగుళం అనే పాతకాలపు లెక్క దానికి మూలం. 42, 43 అంటారే, ఆ యూరప్ నంబర్లలో ఒక్కో మెట్టు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. రెండూ చెప్పేది పొడవు గురించే. అది కూడా పాదం పొడవు కాదు, బూటు ఏ అచ్చు మీద కుట్టారో ఆ అచ్చు పొడవు. చెక్కతో చెక్కిన ఆ అచ్చుని ఇక్కడ లాస్ట్ అంటారు. ఒక్కో కంపెనీ లాస్ట్ ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టే ఒకచోట ఎనిమిది పట్టిన కాలికి ఇంకోచోట ఏడున్నర సరిపోతుంది. మీగాలు ఎంత ఎత్తు, మడమ సన్నమా లావా, వేళ్ల మొదట్లో చుట్టుకొలత ఎంత, ఇవేవీ ఆ నంబరులో ఉండవు.

కాలు పెట్టించి అటూ ఇటూ జరిపి చూసే లోహపు పలక ఒకటుంటుంది, ఎక్కడో చూసే ఉంటావు. అమెరికాలోని సిరక్యూజ్ ఊరి చార్లెస్ బ్రానక్ అనే ఆయన 1920లలో తయారుచేశాడు. అందులో నాకు నచ్చే తెలివి ఏమిటంటే, మడమ నుంచి వేలి కొస దాకానే కాకుండా మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉండే కీలు దాకా కూడా విడిగా కొలుస్తుంది. నడిచేటప్పుడు పాదం వంగేది ఆ కీలు దగ్గర. ఇద్దరి పాదాలు ఒకే పొడవున్నా ఒకరికి వేళ్లు పొడుగు, ఇంకొకరికి పొట్టి అయితే కీలు చోటు మారిపోతుంది. పాదం ఒకచోట, బూటు ఇంకోచోట వంగాయంటే ఇక ఆ బూటు జన్మలో కాలికి అలవాటు పడదు. కానీ ఆ పలక కూడా పాదాన్ని పైనుంచి చూసిన నీడలాగే చూస్తుంది, ఎత్తు దానికి తెలియదు. అంతకంటే విడ్డూరం ఎక్స్‌రే పెట్టెలు. 1920ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలోనూ ఇక్కడ ఇంగ్లండ్‌లోనూ బూట్ల షాపుల్లో ఉండేవట. పిల్లలు బూట్లు తొడుక్కుని ఆ పెట్టెలో కాళ్లు పెడితే లోపలి ఎముకలు కనపడేవి. చూసి మురిసిపోవడమే తప్ప ఒరిగిందేమీ లేదు, పైగా ఒంటికి రేడియేషన్. చివరికి తీసేశారు.

మా పెద్దాయన దగ్గరికి వచ్చినవాళ్లు కూడా కూర్చోగానే నంబరే చెబుతారు. ఆయన తలాడిస్తాడు, రాసుకోడు. ముందు మేజోళ్లు విప్పించి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంటాడు. బొటనవేలి కీలుని బొటనవేలితో నొక్కి అటూ ఇటూ ఆడిస్తాడు, మడమని గుప్పిట పట్టి పిండినట్టు చూస్తాడు, మీగాలి మీద వేలు పెట్టి చర్మం కింద ఎముక ఎంత లోతులో ఉందో తడుముతాడు. అప్పటిదాకా టేపు జేబులోంచి బయటికి రాదు. కొత్త మనిషి కాలు పట్టుకుంటే ఎవరికైనా వేళ్లు ముడుచుకుంటాయి, నరాలు బిగుసుకుని మీగాలు చుట్టుకొలత మారిపోతుంది. అందుకని వాన గురించో మ్యాచ్ గురించో లోకాభిరామాయణం మొదలుపెట్టి, వేళ్లు వాటంతట అవే వదులయ్యాక టేపు తీస్తాడు. కొలతల కాగితం మీద అంకెల పక్కనే మాటలు రాస్తాడు. "మెత్తటి పాదం, బిగించొచ్చు", "ఎముక పాదం, బిగించకు" అని. రెండు పాదాలకి ఒకే అంకె వచ్చినా, కండ పట్టిన పాదాన్ని తోలు కాస్త నొక్కి పట్టుకోవచ్చు, ఎముకలు తేలిన పాదాన్ని పట్టకూడదు. ఆ తేడా టేపుకి తెలియదురా, చేతికే తెలుస్తుంది. అందుకే నువ్వు కూడా అంకెలతో పాటు నీ చేతికి తెలిసింది రాయాలి.

ఇక పనిలోకి దిగుదాం. మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టు. పొద్దున్న లేవగానే ఉన్న పాదం సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది, పొద్దుటి కొలతతో కుట్టిన బూటు సాయంత్రం కరుస్తుంది. నాన్న బూట్లలోకి ఏ మేజోళ్లు వేసుకుంటాడో అవే వేయించు. నున్నటి గట్టి నేల మీద మందపాటి కాగితం పరిచి, ఆయన్ని కుర్చీలో మోకాలి కింది కాలు నిటారుగా ఉండేట్టు కూర్చోబెట్టి ఒకసారి గీత గియ్యి. తర్వాత నిలబెట్టి వేరే కాగితం మీద ఇంకోసారి. నిలబడితే బరువు పడి పాదం సాగుతుంది, వెడల్పవుతుంది. ఎవరికెంత సాగుతుందన్నది నాకు ముఖ్యం. కూర్చోబెట్టే కొలవాలని కొందరు, నిలబెట్టే కొలవాలని కొందరు వాదించుకుంటారు గానీ మా పెద్దాయన రెండూ తీసుకుంటాడు, నాకూ అదే సబబు అనిపిస్తుంది. నిలబెట్టినప్పుడు బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉండాలి. "ఏం చేస్తున్నావురా" అని నాన్న వంగి చూస్తాడు చూడు, అప్పుడు బరువంతా ముందుకి వచ్చి గీత పనికిరాకుండా పోతుంది. ఎదురు గోడకేసి చూడమను.

పెన్సిల్ నిట్టనిలువుగా పట్టుకో. లోపలికి వాలితే పాదం చిన్నదవుతుంది, బయటికి వాలితే పెద్దదవుతుంది. కొందరు పెన్సిల్‌ని నిలువునా రెండుగా చీల్చి చదునైన వైపు పాదానికి ఆనించి గీస్తారు, నీకు ఓపికుంటే అలా చెయ్యి. చుట్టూ గీశాక లోపలి వైపు పాదం కింద వంపు ఉంటుంది కదా, అక్కడ మాత్రం పెన్సిల్ వాల్చి కిందికి ఎంత దూరం వెళ్తే అంత దూరం ఇంకో గీత గియ్యి. పాదం నేలకి ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ ఆనడం లేదు అన్నది ఆ గీతే చెబుతుంది. కాలు తీయించకముందే బొటనవేలి కీలు, చిటికెనవేలి కీలు ఎక్కడున్నాయో కాగితం మీద గుర్తు పెట్టు. బొటనవేలి కీలు ముందుకీ చిటికెనవేలి కీలు వెనక్కీ ఉంటాయి. ఆ రెండిటినీ కలిపే గీత ఏటవాలుగా వస్తే కంగారు పడకు, అలాగే రావాలి.

చుట్టుకొలతలకి టేపు వాడొద్దు. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది, పైగా నీ టేపులో సెంటీమీటరూ నా టేపులో సెంటీమీటరూ ఒకటే అన్న నమ్మకం లేదు. టేపులు లేని రోజుల్లో చేసినట్టు చెయ్యి. వేలెడు వెడల్పు కాగితం పట్టీలు కత్తిరించి, చుట్టి, కొస ఎక్కడ కలిసిందో అక్కడ గాటు పెట్టు. కాగితం సాగదు. ఒక్కో కొలతకి ఒక్కో పట్టీ, దాని మీద కుడి, ఎడమ, ఏ చోటు అన్నది రాయి. నేను ఇక్కడ నా టేపుతో కొలుచుకుంటాను.

మొదటిది ఆ రెండు కీళ్ల మీదుగా, ఏటవాలుగానే చుట్టాలి. రెండోది దాని వెనక, పాదం సన్నబడే చోట. మూడోది మీగాలి మీద, వేలితో తడిమితే చిన్న ఎముక మొన తగులుతుంది, దాని మీదుగా. నాలుగోది మడమ అడుగున వెనక మూల నుంచి మొదలుపెట్టి అదే ఎముక మొన మీదుగా తిప్పి మళ్లీ మడమకి. ఐదోది మడమ నుంచి చీలమండ ముందు మడత మీదుగా. ఈ చివరి రెండూ ఎందుకంటే, కాలు బూటులోకి దూరాలన్నా, దూరాక మడమ లేవకుండా నిలవాలన్నా అవే ఆధారం. పట్టీ పాదానికి ఆనాలి, పాదం నొక్కుకోకూడదు. ఒకే చేత్తో, ఒకే బిగింపుతో, ఒకే విడతలో అన్నీ తియ్యి. సగం నువ్వు, సగం అమ్మ తీస్తే రెండు బిగింపులు కలిసి నాకు మూడో మనిషి కాలు తయారవుతుంది.

రెండు పాదాలకీ తియ్యాలి. ఎవరి రెండు పాదాలూ ఒకేలా ఉండవు. 19వ శతాబ్దం మొదటి రోజుల దాకా కుడి ఎడమ తేడా లేకుండా ఒకే తీరు బూట్లు వేసుకోవడం మామూలే, తొడిగి తొడిగి తోలే కాలికి లొంగాలి.

ఇప్పుడు అసలు విషయం. నాన్నకి షుగర్ ఉంది కదా. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గే అవకాశం ఉంది. బిగుతుగా ఉందా అని అడిగితే "బ్రహ్మాండంగా ఉంది" అంటాడు, అది అబద్ధం కాదు, నిజంగా తెలియకపోవచ్చు. కాబట్టి ఆయన మాట మీద ఆధారపడకు, పాదం చూడు. ఇప్పుడు వేసుకుంటున్న బూట్లు విప్పిన వెంటనే ఎక్కడ ఎర్రబడింది, ఎక్కడ ఆనెకాయలు కట్టాయి, వేళ్ల మధ్య ఏమైనా ఒరిసిందా చూసి, గీసిన కాగితం మీదే ఆ చోట్లు గుర్తు పెట్టు. పుండులాంటిది కనపడితే కొలతల సంగతి పక్కనపెట్టి డాక్టరుకి చూపించు. కుడి బొటనవేలి మొదట్లో ఉన్న బొడిపెకి పక్క నుంచి ఎత్తెంతో కూడా కావాలి. నేను లాస్ట్ మీద సరిగ్గా ఆ చోట చిన్న తోలు ముక్క అంటించి, అరగదీసి బొడిపె కడతాను. అప్పుడు బూటులో ఆ మేరకి గుంట ఏర్పడుతుంది.

పాత బూట్లు కూడా ఫోటో తీసి పంపు, అడుగు, పైభాగం, లోపల మూడూ. పైన తోలు మీద ముడత ఎక్కడ పడిందో చూస్తే కీలు ఎక్కడ వంగుతోందో తెలుస్తుంది. మడమ బయటి అంచు అరిగితే కంగారు పడాల్సిన పని లేదు, చాలామందికి అడుగు ముందు అక్కడే పడుతుంది. లోపలి అంచు అరిగితే మాత్రం నాకు ప్రత్యేకంగా రాయి. వెనక నుంచి ఆయన నడక ఒక వీడియో కూడా.

ఇంత చేస్తే నేనిక్కడ నీ పట్టీల్లో ఉన్నది ఉన్నట్టు చెక్కేస్తానని అనుకోకు. లాస్ట్ పాదానికి నకలు కాదు. వేళ్ల ముందు ఖాళీ వదలాలి, అడుగు వెయ్యగానే పాదం ముందుకి జరుగుతుంది కదా. పాదం నడుం దగ్గర, అంటే మధ్యలో సన్నబడే చోట, కొంచెం బిగించాలి, లేకపోతే పాదం లోపల ఈత కొడుతుంది. బూటు మడమ ఎత్తు పెరిగే కొద్దీ పాదం రూపే మారిపోతుంది కాబట్టి అది ముందే తేల్చుకోవాలి. నాన్నకి అంగుళం లోపే పెడదామనుకుంటున్నాను. ఆ తర్వాత చవక తోలుతో ఒక నమూనా జత కుట్టి పంపుతాను. ఆయన దాన్ని వేసుకుని ఇంట్లో నడవాలి. నేను చెప్పిన చోట నువ్వు కత్తితో కోసి, వేళ్లు లోపల ఎలా ఉన్నాయో చూసి చెప్పాలి. కొత్త బూటు కోస్తున్నావేమిట్రా అని నాన్న గోల పెడతాడు, ముందే చెప్పి ఉంచు.

నాకెందుకమ్మా ఇవన్నీ అని ఇప్పటికే ఫోన్లో ఒక దఫా అయింది. వేలికేస్తే కాలికి, కాలికేస్తే వేలికి వేసే మనిషి, నీకు తెలియంది కాదు. ఆయనకి ఈ మాట చెప్పు: ఒకసారి లాస్ట్ చెక్కామంటే అది ఆయన పేరుతో ఇక్కడ అరలో ఉంటుంది, పాదం మారనంత కాలం మళ్లీ కొలవాల్సిన పని లేదు. ఫ్లారెన్స్‌లో ఫెరగామో మ్యూజియంలో మార్లిన్ మన్రో లాంటి తారల లాస్టులు ఇప్పటికీ దాచి ఉంచారు. తారల వరసలో తన పేరు వింటే మెత్తబడతాడేమో చూద్దాం.

కాగితాలు మడవకు, చుట్ట చుట్టి గొట్టంలో పెట్టి పోస్టు చెయ్యి. ఫోటో తీసి పంపేస్తాను అనకు, కెమెరా కొంచెం వంగినా గీత సాగిపోతుంది. పోస్టులో పోతే మళ్లీ నాన్నని కూర్చోబెట్టడం నీ వల్లా కాదు, అందుకని అన్నిటికీ నకలు ఒకటి నీ దగ్గర ఉంచుకో. పట్టీలు అందాక ఏదైనా లెక్క కుదరకపోతే ఫోన్ చేస్తాను, ఆ వారం నాన్నని ఊళ్లు తిరగనివ్వకు.

అమ్మకి నమస్కారాలు.

ఇట్లు,
అక్క