ఉచితమైన కృప బాధ్యతను తీసివేయదు

సంపాదకులకు నమస్కారములు.

క్రైస్తవ విశ్వాసం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. యోగ్యతతో నిమిత్తం లేకుండా దేవుడు మనిషిని ప్రేమిస్తాడని, క్షమిస్తాడని బోధిస్తే తప్పు చేయడానికి జంకు పోతుందని దాని సారాంశం. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు, ఎందుకంటే ఇది మొదటి శతాబ్దంలోనే పుట్టిన ప్రశ్న. కృప విస్తరించడం కోసం పాపంలోనే నిలిచి ఉందామా అని అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయం ఆరంభంలో తానే అడిగి, ఎంతమాత్రం కూడదని తానే బదులిచ్చాడు. అయితే ఆ బదులు నాకు వాదనలో కన్నా ఒక మనిషి కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

లూకా సువార్త 19వ అధ్యాయంలో వచ్చే జక్కయ్య యెరికోలో సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు. రోమా పాలకుల కోసం పన్ను వసూలు చేస్తూ, రావలసినదానికన్నా ఎక్కువ గుంజుకుంటారని పేరుపడిన సుంకరులను సొంత జనమే పాపులతో జమకట్టేవారు. పొట్టివాడైన జక్కయ్య గుంపులో యేసును చూడలేక మేడిచెట్టు ఎక్కాడు. యేసు ఆ చెట్టు కింద ఆగి, అతణ్ణి పేరుపెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి, త్వరగా దిగి రమ్మన్నాడు. ఆ పిలుపు అందేసరికి జక్కయ్య ఒక్క తప్పూ ఒప్పుకోలేదు, ఒక్క కాసూ తిరిగి ఇవ్వలేదు; చూసినవారంతా సణుక్కున్నది అందుకే. తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, ఎవరి వద్దనైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు చెల్లిస్తానని అతడు చెప్పింది ఆ తరువాతే. సంఖ్యాకాండం ఐదవ అధ్యాయం ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు అసలుతోపాటు అందులో ఐదో వంతు కలిపి ఇస్తే సరిపోయేది. ధర్మశాస్త్రం ఐదో వంతు అడిగిన చోట, ఏ షరతూ పెట్టని ప్రేమ ఎదుట ఆ మనిషి తనంతట తానే నాలుగింతలకు సిద్ధపడ్డాడు. కృప వల్ల జంకు పోతుందనేవారు ఈ లెక్కను ఒకసారి చూడాలని నా మనవి.

కృప అని మనం అనువదించుకున్న గ్రీకు మాట ‘ఖారిస్’కు అనుగ్రహమనీ, కృతజ్ఞత అనీ రెండర్థాలున్నాయి. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో, రక్షణ క్రియల వల్ల కలిగింది కాదని, దేవుని వరమని చెప్పే 8, 9 వచనాలు మన విశ్వాసులలో చాలామందికి కంఠస్థం. సత్క్రియలు చేయడానికే మనం సృజింపబడ్డామని చెప్పే 10వ వచనాన్ని మాత్రం తరచు వదిలేస్తాం. ఆక్షేపణకు చోటిచ్చింది కొంతవరకు మన ఈ అలవాటే. ఈ విషయంలోనే శతాబ్దాలపాటు విడిపోయి ఉన్న కథోలిక, లూథరన్ సంఘాలు 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశాయి. దేవుడు మనలను అంగీకరించేది మన యోగ్యతను బట్టి కాదని, కృపను బట్టేనని, ఆ కృపే సత్క్రియలకు పిలుస్తుందని అందులో కలిసి ఒప్పుకున్నాయి.

కృపను జీతంగా మార్చే బోధ ఇంతకన్నా ఎక్కువ హాని చేస్తోందని నేను నమ్ముతున్నాను. ఇంత కానుక ఇస్తే ఇంత దీవెన, ఇన్ని ఉపవాసాలుంటే ఈ మేలు అని చెప్పేవారు మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమానిని మరచిపోతున్నారు. సాయంత్రం ఐదు గంటలకు వచ్చినవారికీ, పొద్దుటినుంచి ఎండలో పనిచేసినవారికీ ఆయన ఒకే దేనారం ఇచ్చాడు. అటువంటి బోధ వింటూ పెరిగినవారు కష్టం వచ్చినప్పుడు తమ భక్తిలో ఏ లోటుందోనని వెతుక్కుంటారు.

మా అమ్మ చివరి జబ్బులో అలాగే వెతుక్కుంది. ప్రార్థన చాలినంత చేయలేదేమోనని, ఎవరినో క్షమించకుండా మిగిలిపోయానేమోనని రాత్రిళ్లు నన్ను లేపి అడిగేది. ఒక రాత్రి ఆమెకు జక్కయ్య కథ చదివి వినిపించాను. “అయితే ఆయనే ముందు పిలిచాడా?” అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. ఆ తరువాత ఆ ప్రశ్నలు మళ్లీ అడగలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు